బ్యాంకులో 9,40,000 ఉంది, రెండో ఇల్లు తీసుకోవచ్చా?

మీరు రాసింది ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పెద్దవాళ్ల తల్లిదండ్రులు కొందరు కలిసి హనుమకొండలో సెక్షన్ 8 కంపెనీ (లాభం పంచుకోని సేవా కంపెనీ) పెట్టారు. ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నారు. ఎనిమిది మంచాలు, ఏడుగురు ఉంటున్నారు. చూసుకోవడానికి మనుషులున్నారు. 2026 మార్చి 31న బ్యాంకులో 9,40,000 కనిపించేసరికి, వాట్సాప్ గ్రూపులో కొందరు "ఇంత మిగిలింది కదా, కాజీపేటలో ఇంకో ఇల్లు చూద్దాం" అంటున్నారు. నిజంగా మిగిలిందా, ఆడిట్‌కి ముందు ఏం సర్దుకోవాలి అని మీరు అడిగారు.

మిగల్లేదు. రెండో ఇల్లు ఈ ఏడాది వద్దు, వచ్చే ఏడాదీ వద్దనే అంటాను. వరంగల్, కరీంనగర్ వైపు ఇలాంటి చిన్న సంస్థల లెక్కలు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. బ్యాంకు పాస్‌బుక్ చూసి నిర్ణయాలు తీసుకునే అలవాటు దాదాపు అందరిలోనూ ఉంది.

ఆ 9,40,000లో ఎవరి డబ్బు ఎంతో విడదీద్దాం. సీఎస్ఆర్ (కంపెనీలు సమాజ సేవకి ఇచ్చే డబ్బు) కింద వచ్చిన 6,00,000 బాత్‌రూముల మార్పులకి, ర్యాంపుకి, సోలార్‌కి అని రాసి ఇచ్చారు. అందులో 2,20,000 ఖర్చయింది. మిగిలిన 3,80,000 ఆ పనులకే. కుటుంబాలు కట్టిన అడ్వాన్సు ఆరుగురివి, తలా 50,000 చొప్పున 3,00,000. ఎవరైనా ఇల్లు వదిలిన రోజు తిరిగి ఇచ్చేయాలి. ఒక కుటుంబం ఏప్రిల్ నుంచి జూన్ దాకా కట్టాల్సింది మార్చిలోనే కట్టింది, అది 45,000. ఇంట్లో ఉండేవాళ్ల పింఛన్ల డబ్బు 62,000 కూడా కంపెనీ ఖాతాలోనే పడి ఉందన్నారు (దాని గురించి కింద విడిగా రాస్తాను, అది నాకు నచ్చలేదు). ఇవన్నీ కలిపితే 7,87,000. మార్చి జీతాలు 69,000 ఏప్రిల్‌లో ఇచ్చారు, ఆడిట్ ఫీజు 40,000 ఇంకా ఇవ్వాలి. అవీ తీస్తే కంపెనీ సొంతంగా వాడుకోగలిగింది 44,000. మీ నెల ఖర్చు 1,42,000 దాకా ఉంది కాబట్టి అది తొమ్మిది రోజులకి సరిపోతుంది.

ఇక ఏడాది మొత్తం. కిరాయి 3,36,000, జీతాలు 8,28,000, భోజనం 3,12,000, కరెంటు, నల్లా, గ్యాస్, ఇంటర్నెట్ 1,08,000, మందులు, డాక్టరు 36,000, ఆడిట్, ఫైలింగులు 40,000, రిపేర్లు 45,000. మొత్తం 17,05,000. రావాల్సింది ఆరుగురి దగ్గర నెలకి 15,000 చొప్పున 10,80,000, రాయితీ మీద ఉంటున్న ఒకరి దగ్గర 72,000, మామూలు విరాళాలు 3,10,000. మొత్తం 14,62,000. సీఎస్ఆర్ డబ్బునీ దాని పనులనీ పక్కన పెడితే, ఇల్లు నడపడంలో 2,43,000 లోటు. పైగా ఒక కుటుంబం దగ్గర మూడు నెలల బాకీ 45,000 ఇంకా రావాలి. లోటు ఉన్నా బ్యాంకులో డబ్బు కనిపించడానికి కారణం పక్కవాళ్ల డబ్బు అందులో కలిసి ఉండడమే.

నేను ఎక్కువసేపు ఆగింది మీరు మధ్యలో మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర. "ఆదివారాలు, పండుగలు స్టాఫ్ సెలవులో ఉంటే మేమే వంతులవారీగా వెళ్లి పడుకుంటాం." లెక్కల్లో దీనికి ఒక్క రూపాయి కూడా లేదు. రాత్రి డ్యూటీ అనేది ఏడాదికి 365 రాత్రుల పని. ఒక మనిషి వారానికి ఒక సెలవు తీసుకుంటే 313 రాత్రులు, పండుగలు, జ్వరాలు, ఊరి ప్రయాణాలు తీస్తే 290 దగ్గర ఆగుతాడు. అంటే ఒక్కో పోస్టుకి ఒకటింపావు మనిషి కావాలి. పగటి ఆయాలు ఇద్దరు, రాత్రి మనిషి ఒకరు, వంటమనిషి, కోఆర్డినేటర్, ఇంతే మీ దగ్గర ఉన్నది. ఖాళీలన్నీ నింపుతున్నది అరవై దాటిన తల్లిదండ్రులు. ఈ ఇల్లు పెట్టిందే "మా తర్వాత వీళ్లకి ఎవరు" అన్న బెంగతో కదా. అలాంటప్పుడు మీరు వెళ్లి పడుకుంటే తప్ప నడవని ఇల్లు ఆ బెంగ ఎట్లా తీరుస్తుంది? అందరి సెలవుల్లో పనిచేయడానికి ఒక రిలీవర్‌ని 13,000 జీతంతో పెట్టుకుంటే ఏడాదికి 1,56,000. దాన్ని కలుపుకుంటేనే అసలు ఖర్చు, 18,61,000. లోటు దాదాపు 4,00,000.

జీతాల దగ్గరే ఇంకో మాట. ఐదుగురే కాబట్టి ఈఎస్ఐ పదిమంది హద్దు, పీఎఫ్ ఇరవైమంది హద్దు మీకు తగలవు. కానీ కనీస వేతనానికి ఆ హద్దులతో పని లేదు. సేవాసంస్థ అని తక్కువ ఇస్తామంటే కుదరదు, ప్రస్తుత నోటిఫికేషన్ తెప్పించి చూసుకోండి. కోఆర్డినేటర్ జీతం 20,000 కాబట్టి నెలకి 150 వృత్తి పన్ను పట్టాలి, 15,000 లోపు వాళ్లకి లేదు.

ఇప్పుడు మంచానికి ఎంత పడుతోందో చూద్దాం. మీ ఖర్చులో ఎక్కువ భాగం ఏడుగురున్నా ఎనిమిది మంది ఉన్నా మారదు. కిరాయి అంతే, రాత్రి మనిషి అంతే. ఎనిమిదో మనిషి వస్తే పెరిగేది భోజనం, చిల్లర కలిపి నెలకి 4,000. వచ్చేది ఇప్పటి రేటుకే 15,000. అంటే ఆ మంచం ఖాళీగా ఉన్న ప్రతి నెలా మీకు 11,000 పోతోంది, ఏడాదికి 1,32,000. రెండో ఇంటి మాట ఎత్తినవాళ్లని ముందు ఈ మంచం సంగతి అడగండి. ఎనిమిదోవాళ్లని ఎంపిక చేయడానికి ఇంత ఆలస్యం ఎందుకైందో నాకు తెలియదు. సరిపడని మనిషిని తెచ్చి ఇల్లంతా చెదరగొట్టుకోవద్దన్న జాగ్రత్త అయితే దాన్ని గౌరవిస్తాను. కానీ దాని ఖరీదు ఇంత అని బోర్డుకి తెలిసి ఉండాలి.

ఎనిమిది మందితో, రిలీవర్‌తో కలిపి ఏడాది ఖర్చు 19,09,000 అవుతుంది. తలకి నెలకి 19,885. కాబట్టి పూర్తి రేటు 19,900 పెట్టండి. ఏడుగురు పూర్తిగా కడితే 16,71,600, రాయితీవారి 72,000 కలిపితే 17,43,600. తగ్గేది 1,65,400. అది దాదాపుగా రాయితీ మంచానికి పడే తేడాయే. విరాళాల 3,10,000లోంచి దాన్ని పూడిస్తే 1,44,600 మిగిలి రిజర్వులోకి వెళ్తుంది. 15,000 నుంచి ఒక్కసారి 19,900 అంటే గొడవ అవుతుందని తెలుసు. కట్టలేని కుటుంబం ఉంటే వాళ్లు రాయితీకి అర్జీ రాయాలి, బోర్డు మినిట్స్‌లో ఒప్పుకోవాలి, ఆ తేడా ఏ విరాళంలోంచి పూడ్చారో లెక్కలో కనిపించాలి. ఇప్పుడు మీరు చేస్తున్నది ఎవరికీ తెలియకుండానే అందరికీ రాయితీ ఇవ్వడం, దాత డబ్బు ఎవరికి సాయపడిందో ఎవరికీ తెలియకపోవడం.

దీనికి పన్ను కోణం కూడా ఉంది, చాలామంది సీఏలు చిన్న సంస్థల్లో దీన్ని పట్టించుకోరు. ఇంట్లో ఉన్న ఏడుగురిలో ముగ్గురు డైరెక్టర్ల సొంత పిల్లలు. పోయిన ఏడాది మంచానికి అసలు ఖర్చు 20,300 పడితే వాళ్లు 15,000 కట్టారు. ఆదాయపు పన్ను చట్టం 1961లో సెక్షన్ 13 ప్రకారం సంస్థ నడిపేవాళ్లకీ వాళ్ల బంధువులకీ తగిన ప్రతిఫలం లేకుండా సంస్థ సేవలు అందితే అది వాళ్లకి లాభం చేసినట్టే. ముగ్గురికి నెలకి 5,300 తేడా అంటే ఏడాదికి 1,90,800. ఆ విలువ మీద 30 శాతం పన్ను, మొదటిసారి దొరికితే ఆ విలువకి సమానమైన జరిమానా పడే వీలుంది. మీ సీఏ దీనికి వేరే వాదన చెప్పగలరేమో, విరాళాలన్నీ రాయితీ మంచానికే అని చూపించవచ్చేమో, ఆయనతో కూర్చోండి. నా సలహా మాత్రం సూటిగా ఉంటుంది: మిగతావాళ్లు ఎప్పుడు కట్టినా సరే, డైరెక్టర్ల కుటుంబాలు ఈ నెల నుంచే పూర్తి రేటు కట్టాలి.

ఇదే సందర్భంలో, నెలవారీ డబ్బు కొంత ఫీజుగా, కొంత విరాళంగా కట్టి 80జీ రసీదు (దాతకి పన్ను మినహాయింపు తెచ్చే రసీదు) తీసుకుందామని ఒక సభ్యుడు అన్నట్టు రాశారు. వద్దు. తన కొడుకుని చూసుకున్నందుకు ఇచ్చే డబ్బు విరాళం కాదు. మే 31 లోపు దాతల వివరాలతో ఆదాయపు పన్ను ఫారం 10బీడీ ఫైల్ చేస్తే పాన్ నంబరుతో సహా అంతా శాఖ దగ్గరికి చేరుతుంది. అందులో నెలనెలా ఫీజు కట్టేవాళ్ల పేర్లే కనిపిస్తే ప్రశ్న రాక మానదు. ఇక నిజమైన దాతలకి, 2,000 మించి నగదుగా ఇస్తే 80జీ మినహాయింపు రాదని ముందే చెప్పండి.

85 శాతం నిబంధన సంగతి అడిగారు. మీ మొత్తం రాబడి, సీఎస్ఆర్ కలిపి, 20,62,000. పన్ను పడకూడదంటే అందులో 85 శాతం, అంటే 17,52,700, ఆ ఏడాదిలోనే సంస్థ లక్ష్యాలకి ఖర్చు కావాలి. ఇక్కడ మెలిక ఏమిటంటే చేతి నుంచి వెళ్లిన డబ్బునే లెక్కిస్తారు. రాసుకున్న బాకీలు ఆ ఏడాదికి రావు, చెల్లించిన ఏడాదికి వస్తాయి. 17,05,000లోంచి ఇవ్వని 1,09,000 తీసేసి, సీఎస్ఆర్ పనుల 2,20,000 కలిపితే 18,16,000. ఇరుకుగానే దాటారు. మార్చి జీతాలు మార్చి 31నే ఇచ్చి ఉంటే ఇంకొంచెం ఊపిరి ఉండేది, ఇకపై అలా చేయండి. ఒకవేళ ఏదో ఏడాది దాటలేకపోతే ఫారం 10 పెట్టి ఐదేళ్ల వరకు ఫలానా పనికని దాచుకోవచ్చు, రిటర్ను గడువుకి రెండు నెలల ముందే పెట్టాలి. మీ రిటర్ను ఐటీఆర్-7, అక్టోబర్ 31 గడువు. దానికి నెల ముందు ఆడిట్ రిపోర్టు. రాబడి 5 కోట్లు దాటలేదు, విదేశీ డబ్బు లేదు కాబట్టి మీ ఆడిట్ రిపోర్టు ఫారం 10బీబీలో.

ఇల్లుగలాయన కిరాయి నగదుగానే కావాలంటున్నారని రాశారు. 28,000 నగదుగా ఇస్తే ఆ ఖర్చు 85 శాతంలో లెక్కకి రాదు. ఒక రోజు ఒకరికి 10,000 దాటిన ఏ నగదు చెల్లింపు అయినా అంతే. 3,36,000 పోతే మీరు దాటిన ఆ ఇరుకు హద్దు కూడా పోతుంది. ఇప్పటిదాకా బ్యాంకు ద్వారా ఇచ్చారు కాబట్టి బతికారు, ఆయనకి మొహమాటం లేకుండా కాదని చెప్పేయండి. నెలకి 50,000 లోపు కిరాయి కాబట్టి టీడీఎస్ కోత కూడా లేదు, ఆయనకి పోయేదేమీ లేదు.

సీఏకి ఇంకో విషయం చూపించండి. మీ కంపెనీ లక్ష్యాల్లో పేదలకి సాయం, వైద్య సాయం అన్న మాటలు లేకుండా "వికలాంగుల సంక్షేమం" అని మాత్రమే ఉంటే, దాన్ని సాధారణ ప్రజోపయోగం కింద చూసి, ఫీజుల రాబడి ఆ కోవకి ఉన్న 20 శాతం హద్దు దాటిందని పన్ను శాఖ అడ్డుపడే అవకాశం ఉంది. మీ ఫీజులు సగానికి పైనే. 2022 అక్టోబర్ 19న అహ్మదాబాద్ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, అయిన ఖర్చుకో దానికి కాస్త పైనో వసూలు చేస్తే వ్యాపారం కాదని చెప్పింది. పైన వేసిన మంచం ఖర్చు లెక్కని ప్రతి ఏడాదీ కాగితం మీద పెట్టుకోమని చెప్పేది అందుకే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2025 వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. ఇప్పుడు మీరు మూస్తున్న 2025-26 లెక్కలకి మాత్రం పాత చట్టమే.

కంపెనీ చట్టం వైపు పెద్దగా చెప్పేది లేదు, ఒక్క అపోహ తప్ప. "మనది చిన్న కంపెనీ కదా, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ అక్కర్లేదు, ఎంజీటీ-7ఏ (చిన్న కంపెనీల వార్షిక రిటర్ను) వేస్తే చాలు" అని మీ గ్రూపులో ఎవరో అన్నారు. సెక్షన్ 8 కంపెనీ ఎంత చిన్నదైనా చట్టం దృష్టిలో "చిన్న కంపెనీ" కిందికి రాదు. క్యాష్ ఫ్లో ఉండాలి, ఎంజీటీ-7 వేయాలి. సెప్టెంబర్ 30 లోపు సర్వసభ్య సమావేశం, మీలాంటివాళ్లకి 14 రోజుల నోటీసు చాలు. ఆ తర్వాత 30 రోజుల్లో ఏఓసీ-4 (ఏడాది లెక్కల ఫారం), 60 రోజుల్లో ఎంజీటీ-7. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100, దానికి పైహద్దు లేదు. నాలుగు నెలలు మర్చిపోతే రెండు ఫారాలకి 24,000, అంటే మీ రాత్రి మనిషి రెండు నెలల జీతం దగ్గర.

ఎక్సెల్‌లో లెక్కలు రాస్తున్నామన్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంప్యూటర్‌లో లెక్కలు రాసే ఏ కంపెనీ అయినా, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదయ్యే సాఫ్ట్‌వేర్ వాడాలి, ఆ నమోదు ఆపేసే వీలు ఉండకూడదు. ఎక్సెల్‌కి అది లేదు, ఆడిటర్ తన రిపోర్టులో రాయక తప్పదు. టాలీ ఎడిట్ లాగ్ లాంటిది పెట్టుకోండి. పెట్టుకున్నాక సీఎస్ఆర్‌కి, అడ్వాన్సులకి, మామూలు నడకకి వేరువేరు ఖాతాలు తెరిస్తే, ఈ జవాబు మొదట్లో నేను విడదీసిన లెక్క ప్రతి నెలా దానంతట అదే కనిపిస్తుంది. సీఎస్ఆర్ డబ్బుకి వేరే బ్యాంకు ఖాతా కూడా తెరవండి. చేతిలో డబ్బు తక్కువైన నెల అందులోంచి జీతాలిచ్చి తర్వాత పూడ్చే అలవాటు ఎంత మంచి మనుషులకైనా వస్తుంది, వినియోగ ధ్రువపత్రం మీద సీఏ సంతకం అడిగిన రోజు బయటపడుతుంది.

పింఛన్ల డబ్బు. ఒక్కొక్కరికి నెలకి 4,016 వస్తోంది, కొందరిది కంపెనీ ఖాతాలోకి మళ్లిస్తున్నారు. ఆపేయండి. అది ఆ మనిషి సొంత డబ్బు. వాళ్ల పేరున ఖాతా ఉండాలి, అందులోంచి ఏం కొన్నారో ఒక్కొక్కరికి ఒక చిన్న పుస్తకం ఉండాలి: చెప్పులు, క్షవరం, సినిమా టికెట్, ఆదివారం మిర్చి బజ్జీలు, అన్నీ తేదీతో. ఆటిజం, మేధో వైకల్యం లాంటివి ఉన్నవాళ్ల కోసం పెట్టిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే స్థానిక కమిటీ దగ్గర మీరు గార్డియన్‌గా నియమితులై ఉంటే, ఏడాది ముగిసిన మూడు నెలల్లో వాళ్ల ఆస్తి లెక్క ఆ కమిటీకి మీరే ఇవ్వాలి. అంటే జూన్ 30. ఇది కంపెనీ పని కాదు, తల్లిదండ్రులుగా ఎవరి పని వాళ్లది. ఇచ్చినవాళ్లు మీలో ఎందరో అడిగి చూడండి.

జీఎస్టీకి కంగారు పడొద్దు. విరాళాలు కాకుండా వచ్చేది 20 లక్షల లోపే. ఎప్పుడైనా దాటితే అప్పుడు మినహాయింపులు చూసుకోవచ్చు: 90 రోజులకి తగ్గకుండా ఉండేవాళ్ల వసతికి నెలకి 20,000 వరకు ఒకటి, తీవ్ర వైకల్యం ఉన్నవారి సంరక్షణకి 12ఏబీ (ఆదాయపు పన్ను శాఖ దగ్గర సేవాసంస్థగా నమోదు) ఉన్న సంస్థలకి ఇంకొకటి.

ఇంగ్లండ్‌లో ఉన్న మీ తమ్ముడు అక్కడి కమ్యూనిటీ ఇంటరెస్ట్ కంపెనీల గురించి చెప్పాడన్నారు. అవి 2005 నుంచి ఉన్నాయి, ఆస్తిని సమాజానికే కట్టిపడేసే నియమం వాటికి ఉంది. మనకి దగ్గరది సెక్షన్ 8 అనే అనుకోండి. మన దగ్గర లాభం పంచడమే కుదరదు. కంపెనీ మూస్తే మిగిలిన ఆస్తి ఇలాంటి లక్ష్యాలున్న ఇంకో సెక్షన్ 8 కంపెనీకో, దివాలా నిధికో వెళ్తుంది. సభ్యులకి తిరిగి రాదు. ఈ ముక్క సమావేశంలో గట్టిగా చదవండి, "మా వాటా" అనే మాట ఇంకా వినిపిస్తోందని మీరే రాశారు కదా.

రిజర్వు ఎంత ఉండాలి? మూడు నెలల ఖర్చు, 4,77,000. ఏడాదికి 1,44,600 చొప్పున మూడేళ్లు దాటుతుంది. 2023 జులై వానలకి నయీంనగర్ నాలా పొంగి హనుమకొండలో కాలనీలు మునిగినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్ల పరుపులు, ఫ్రిజ్‌లు, ఇన్వర్టర్లు అన్నీ పోయాయి. మామూలు కుటుంబం చుట్టాలింటికి వెళ్లింది. ఎనిమిది మందిని, అందులోనూ మంచం మారితే రాత్రంతా నిద్రపోని మనిషిని, చుట్టాలింటికి పంపలేరు. వారం రోజులు వేరే చోట గదులు, ఇద్దరు అదనపు మనుషులు, సామాను మళ్లీ కొనడం, ఇవన్నీ తొమ్మిది రోజుల డబ్బుతో అయ్యేవి కావు. సామానుకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ తీసుకోండి, వరద అందులో ఉంటుంది. రిజర్వు 4,77,000 దాటిన తర్వాత రెండో ఇంటి మాట ఎత్తండి. అప్పుడు కూడా కాజీపేట కాదు, ఈ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో. ఒక ఇంట్లో రాత్రి మనిషి రాకపోతే ఇంకో ఇంటి నుంచి పది నిమిషాల్లో మనిషి రాగలగాలి, రిలీవర్ ఒక్కరే రెండిళ్లకీ సరిపోవాలి.

చివరిగా ఆ 3,80,000 సంగతి. బాత్‌రూముల్లో గోడకి పట్టుకునే రాడ్లు, వెస్ట్రన్ కమోడ్, జారని టైల్స్, గేటు దగ్గర ర్యాంపు, మేడ మీద సోలార్, ఇవన్నీ కిరాయి ఇంట్లో పెడుతున్నారు, మీ చేతిలో ఉన్నది పదకొండు నెలల అగ్రిమెంటు. పని పూర్తయ్యాక ఓనరు ఖాళీ చేయమంటే సీఎస్ఆర్ ఇచ్చిన కంపెనీకి ఏం చెప్తారు? మేస్త్రీకి బయానా ఇచ్చేముందే ఐదేళ్ల లీజు అడగండి. ఏడాది మించిన లీజు రిజిస్టర్ చేయాలి, స్టాంపు ఖర్చు సగం మీరు భరిస్తామనండి. సోలార్ ప్యానెళ్లు, రాడ్లు, కమోడ్ ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్లే హక్కు కంపెనీదేనని, ఏటా పెంచే కిరాయి ఇంత శాతమేనని అందులో రాయించుకోండి. ఆయన ఒప్పుకోకపోతే సోలార్ ఆపి, దాని మొత్తాన్ని ఏం చేయాలో సీఎస్ఆర్ ఇచ్చినవాళ్లనే లిఖితపూర్వకంగా అడగండి. రాడ్లు మాత్రం ఆపొద్దు, అవి ఈ వారమే పెట్టించండి.